బరువు తగ్గుటకు సంకల్పమొక్కటే చాలునా?

దేహభార సూచిక 23 దాటినంతనే ఆసియావాసులకు మధుమేహపు ముప్పు పెరుగునని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించిరి. కనుక యువతకిది అందమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. బరువు తగ్గవలెనను సంకల్పము చాలామందికి కలదు, కొరవడునది పద్ధతి.

2009లో సుసాన్ మికీ బృందము ఆహార, వ్యాయామములకు సంబంధించిన 122 ప్రయోగఫలితములను పోల్చిచూచినది. తిన్నదానిని, నడచినదానిని నాటికి నాడు వ్రాసికొను స్వీయపరిశీలన ఫలవంతమని తేలినది. లక్ష్యనిర్ణయము వంటి మరొక ఉపాయము తోడైన ఫలితము ఇంకను అధికము.

లక్ష్యము నిర్దిష్టముగా ఉండవలెను. భోజనశాలలతో నిండిన అద్లియా 338వ బ్లాకులో ‘తక్కువ తినెదను’ అను మాట నిలువదు. ‘బిరియానీ ఇద్దరము పంచుకొందుము, ప్రొద్దు క్రుంకిన పిదప అరగంట నడచెదము’ అనునది నిలుచుటకు అవకాశమెక్కువ. రాత్రి దానిని వ్రాసికొనినచో, ఆ లెక్కయే మరునాటి లక్ష్యమును సరిదిద్దును.