తాటాకు, అచ్చు, తెర : తెలుగు చదువరి ప్రతినిర్ణయము

జంగారెడ్డిగూడెము మెట్టసీమలోని పట్టణము. పొగాకు వేలములకు పేరుపొందిన ఈ ఊరు 2022 నుండి ఏలూరు జిల్లాలో చేరియున్నది. అంతకు పూర్వము పశ్చిమగోదావరిలో ఉండెను. ఇచట నివసించుచు ఒక ప్రాచీన ప్రబంధమును సవ్యాఖ్యానముగా చదువగోరిన భాషాప్రవీణ విద్యార్థికి 1990 ప్రాంతమున ఉన్న మార్గములు మిక్కిలి తక్కువ. సుమారు 50 కిలోమీటర్ల దూరమున ఉన్న ఏలూరునకు బస్సెక్కి పోవలెను. అచట దొరకనిచో గోదావరి దాటి రాజమహేంద్రవరములోని గౌతమీ గ్రంథాలయమును ఆశ్రయింపవలెను. అదియు ఫలింపనిచో, 1918లో వేటపాలెమున నెలకొన్న సారస్వత నికేతనమునకో, మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయమునకో లేఖ వ్రాసి ఎదురుచూడవలెను. నేడు అదే విద్యార్థి చేతిలోని ఫోనున గ్రంథనామమును వ్రాసి వెదకినచో, అనేక పర్యాయములు క్షణములలో పుస్తకము తెరపై నిలుచుచున్నది.

అచ్చుపుస్తకము మేలా, ఈ-పుస్తకము మేలా అను చర్చ ఇచటనే పుట్టుచున్నది. కాగితపు వాసన, కంటికి కలుగు శ్రమ, సంచిలో మోయవలసిన బరువు, వెల అను విషయములను ఇరుపక్షములవారును ఎత్తి చూపుదురు. అవి అసత్యములు కావు. కాని ప్రాచీన వాఙ్మయమును చదువువానికి అంతకంటె ముందు తేల్చుకొనవలసిన ప్రశ్న వేరొకటి యున్నది. ఎదుటనున్న ప్రతిని ఎవరు వ్రాసిరి, దేనిని చూచి వ్రాసిరి, వ్రాయుచు ఏమి వదలిరి అనునదియే ఆ ప్రశ్న. ఇది తెరతో పుట్టినది కాదు, తాటాకు నాటి నుండియు ఉన్నదే.

తాళపత్రము చిరకాలము నిలుచునది కాదు. పురుగు, తేమ, పొడి దానిని క్రమముగా తినివేయును. కనుక కొన్ని తరముల కొకసారి మాతృకను చూచి కొత్త ఆకులపై గంటముతో తిరుగ వ్రాయవలసి యుండెను. వ్రాసిన ప్రతిమారును కొన్ని అక్షరములు మారెడివి. నూనె నుండియు, నీటి నుండియు, సడలిన కట్టు నుండియు తన్ను కాపాడుమని పుస్తకమే వేడుకొనునట్టి శ్లోకమును వ్రాయసకాండ్రు తుదిని చేర్చుట వాడుక. వ్రాయసకాని నుండి కాపాడుమని మాత్రము అందు లేదు. చేర్చినవాడు వ్రాయసకాడే కదా!

1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించిన సి.పి. బ్రౌను ఈ చిక్కును బాగుగా ఎరిగినవాడు. కడపలో పండితులను నియోగించి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు సేకరించి, వానిని సరిపోల్చి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించెను. 1854లో మద్రాసున స్థాపితమైన వావిళ్ళవారి ముద్రణాలయము మొదలైనవి తరువాతి కాలమున కావ్యములను అచ్చువేయగా పాఠము ఒకచోట నిలిచినది. నూరు ప్రతులైనను, వేయి ప్రతులైనను ఒకే అక్షరములు. తప్పు దొర్లినను అది అన్ని ప్రతులలోను ఒకేచోట నుండును. దానిని సవరించు తప్పొప్పుల పట్టికయు తుదిని అచ్చగును. అచ్చుపుస్తకముపై పండితులకు ఏర్పడిన విశ్వాసమునకు కాగితము కారణము కాదు. పరిష్కర్త పేరు, పీఠిక, పాఠాంతరములు, తప్పొప్పుల పట్టిక అను నాలుగును కలిసి ఆ విశ్వాసమును కలిగించినవి.

ఇక ఈ-పుస్తకము. ఈ ఒక్క పేరుతో రెండు భిన్నవస్తువులు వ్యవహరింపబడుచున్నవి. అచ్చుపుటలకు తీసిన ఛాయాచిత్రముల కూర్పు ఒకటి. దీనిని ఛాయాప్రతి యనవచ్చును. మీటలపై తిరిగి కూర్చినదో, ఓసీఆర్ అను యంత్రపఠనముచే రాబట్టినదో అయిన అక్షరముల కూర్పు రెండవది, ఇది అక్షరప్రతి. ఛాయాప్రతి అచ్చుపుస్తకమునకు నీడ. అక్షరప్రతి కొత్త వ్రాయసకాని కొత్త ప్రతి. ఈ భేదమును గుర్తింపక చేయు వాదము ఎంత సాగినను తెమలదు.

తెలుగు ఛాయాప్రతులు విస్తారముగా లభించుటకు మూలము భారత డిజిటల్ గ్రంథాలయము. చిత్తూరు జిల్లాలో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొన్న రాజ్ రెడ్డి ప్రోద్బలమున అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము, భారతీయ విద్యాసంస్థలు కలిసి పది లక్షల పుస్తకముల సంకల్పముతో ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో పూనిన కార్యమిది. ఆ జాలస్థలము తరువాత మూతపడినను, అందలి గ్రంథములనేకము ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచియున్నవి. పునర్ముద్రణకు నోచుకొనని ఎన్నియో పూర్వముద్రణములు పల్లెలోని చదువరికి అందినది ఈ మార్గముననే. అయితే పుటలు జారుట, అంచులు తెగుట, రోమను లిపిలో గ్రంథనామము వికృతమగుట వంటి లోపములు అందు కలవు. అంతకంటె సూక్ష్మమైన లోపము మరియొకటి. ఆ చిత్రములలో పెక్కు కేవలము నలుపు తెలుపులుగా తీయబడినవి. మధ్యనుండు ఛాయలు లేవు. తెలుగులో ద-ధలకు, ప-ఫలకు, చ-ఛలకు నడుమ భేదము అడుగున నుండు చిన్న గీతయే. పాత అచ్చులో ఆ గీత అరిగియున్నచో చిత్రమున అది పూర్తిగా మాయమగును. కాగితపు మరక చేరినచో లేనిది మొలచును. మూలపుస్తకమును వెలుతురున వంచి చూచిన కంటికి ఆ సందేహము తీరవచ్చును, తెరను వంచి ప్రయోజనము లేదు.

అక్షరప్రతి విషయము మరింత గంభీరము. కంప్యూటరు వచ్చుటచేతనే అరసున్నయు, శకటరేఫమును పోయినవని కొందరు నిందింతురు. అది సరికాదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు నుండియు ఈ రెండింటికి స్థానము కలదు. దంత్య చ-జలకు 2008లో స్థానము లభించినది. అక్షరములు ఉన్నవి, కూర్చువారు వానిని వాడకున్నారు. అరసున్న పోయినచో ‘ఏఁడు’ అను సంవత్సరము ‘ఏడు’ అను సంఖ్యయగును. ‘వాఁడు’ అను సర్వనామము వాడిపోవుట అను క్రియతో కలిసిపోవును. శకటరేఫము పోయినచో ‘అఱ’ అను గదికిని ‘అర’ అను సగమునకును భేదముండదు. జంగారెడ్డిగూడెము చెంత పారు ఎఱ్ఱకాలువ పేరులోని ఱకారమును నేడెవరును వ్రాయరు, వ్రాయకున్నను నీరు పారును. వ్యవహారమున అది తప్పును కాదు. కాని ర-ఱలను ప్రాసమున కలుపక పాటించిన ప్రాచీనకవి పద్యమునందు ఆ అక్షరము అలంకారము కాదు, సాక్ష్యము. 1656లో అప్పకవీయమునకు పూనిన కాకునూరి అప్పకవి ఏ పదమున ఏ రేఫముండునో విచారించుటకు అంత శ్రమ పడుటకు కారణమిదియే.

ఛందస్సు పాఠమునకు కావలికాడు అను మాట కలదు. ఒక అక్షరము జారినచో గణము చెడును, హల్లు మారినచో యతియో ప్రాసయో తప్పును. చదువరి ఆగి విచారించును. తాటాకు నాటి లేఖకప్రమాదములలో అనేకము ఈ విధముననే పట్టువడినవి. అయితే ఈ కావలికాని కంటికి కనబడని దారులును ఉన్నవి. అరసున్న ముందరి అక్షరమును గురువు చేయదు. కనుక అది ఉన్నను ఊడినను గణమునందు మార్పు లేదు. ద-ధలకు యతిమైత్రి కలదు; ఒకటి వేరొకటియైనను యతి చెడదు. ర-ఱల నొక్కటిగా కూర్చినచో, కవి పాటించిన నియమమునకు గుర్తే చెరిగిపోవును గనుక ప్రాస చక్కగనే కనబడును. అనగా అక్షరప్రతులలో మిక్కుటముగా జరుగు నష్టములు ఛందస్సునకు చిక్కనివే. పద్యము సాఫీగా నడచుచున్నది కాబట్టి పాఠము శుద్ధమని నమ్ముట ఇచట ప్రమాదకరము. ఆంధ్రభారతి జాలస్థలము వలె అరసున్నలను, శకటరేఫమును నిలిపి కావ్యములను కూర్చినవారును కలరు. వారి శ్రమ పూర్వకాలపు పరిష్కర్తల శ్రమకు తీసిపోదు.

అక్షరప్రతికి గల పెద్ద గుణము వెదకుటకు వీలగుట. ఒక పదము ఏ కావ్యమున ఎచట ప్రయుక్తమో తెలియుటకు పూర్వము నిఘంటుకారులు చీటీలు వ్రాసి సంవత్సరముల తరబడి కూర్చెడివారు. ఇప్పుడది నిమిషము పని. అయినను వ్యాకరణము నెరుగని యంత్రము సగమే వెదకును. ‘వాఁడు’ పై ‘కొట్టె’ పరమైనచో గసడదవాదేశముచే ‘వాఁడు గొట్టె’ యగును. కకారముతో వెదకువానికి ఆ ప్రయోగము దొరకదు. దొరకలేదు గనుక లేదని అతడు వ్రాయును. ‘ఎఱ్ఱ’ అని వెదకినచో ‘ఎర్ర’ అని కూర్చినచోట్లు రావు, యంత్రమునకు అవి రెండు వేర్వేరు సంకేతములు. ఇటీవలి పరిశోధన వ్యాసములలో ఫలానా కవి ఈ పదమును వాడలేదని కనబడు నిశ్చయవాక్యములను ఈ దృష్టితో మరల పరీక్షింపవలసియున్నది.

ఇంతమాత్రమున అచ్చుపుస్తకము సర్వత్ర ప్రమాణమని తేలదు. గడచిన మూడు దశాబ్దులలో వెలువడిన తెలుగు పుస్తకములు చాల భాగము కంప్యూటరుపై, తరచుగా ‘అను’ పేరిట ప్రసిద్ధములైన లిపులలో, కూర్పబడినవే. అరసున్నలు లేని కూర్పును కాగితముపై అచ్చువేసినచో అవి తిరిగి రావు. ఇట్టి పునర్ముద్రణమునకును, అదే కూర్పు నుండి తీసిన ఈ-పుస్తకమునకును పాఠవిషయమున భేదమే లేదు. అందుచేత విభజనరేఖ కాగితమునకు తెరకు నడుమ గీయదగినది కాదు. నూరేండ్ల నాటి ముద్రణము, దాని ఛాయాప్రతి ఒకవైపు. నేటి పునర్ముద్రణము, నేటి అక్షరప్రతి మరియొకవైపు నిలుచును. అట్ట అందముగా నున్న కొత్త ముద్రణమును కొని, ఫోనులోని మాసిన ఛాయాప్రతిని చిన్నచూపు చూచు చదువరి తన సొమ్మును, పాఠమును కూడ కోల్పోవుచున్నాడు.

పద్యము తెరపై కనబడు తీరును గూర్చి ఒక మాట. సీసపాదమున ఆరు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు నడుచును. అచ్చుపుటపై పాదమునకు రెండు పంక్తులుగా విరిచి చూపుటచే యతిస్థానము కంటికి దొరకును. అక్షరప్రతి చిన్న ఫోనున తెర వెడల్పును బట్టి ఎక్కడ పడిన అక్కడ విరుగును. చూచువారు దీనిని నవీనకాలపు అనర్థమందురు గాని, తాటాకుపై పద్యము పాదములుగా విరిగియుండెడిది కాదు, ఆకు చివర వరకు ఏకధారగా సాగెడిది. నోట ఛందస్సు ఉన్నవాడు తానే విరిచి చదువుకొనెడివాడు. ఫోను ఈ తరపు విద్యార్థిని తెలియకుండనే తాళపత్రపు చదువరి స్థితికి చేర్చినది. నోరు పలుకని విద్యార్థి అచటనే చిక్కుపడుచున్నాడు.

కాగితమునకు ఈ సీమలో ఆయువు తక్కువ. కొల్లేటి పరిసరములలో తేమకు బూజు పట్టును, మెట్టలో చెదలు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము నుండి వాడుకలోనికి వచ్చిన కలపగుజ్జు కాగితము తనలోని ఆమ్లము చేతనే పసుపుబారి, మడిచినచోట పొడియగును. బీరువాలో భద్రముగా నున్నదనుకొన్న వావిళ్ళ ప్రతి తెరువగనే అంచులు రాలుట పలువురికి అనుభవమే. అట్టి ప్రతికి ఇప్పుడే ఛాయ తీయనిచో తరువాత తీయుటకు వస్తువే ఉండదు. అందును రంగుల చిత్రముగా, తప్పొప్పుల పట్టికతో సహా, అంచులు తెగకుండ తీయుట ముఖ్యము. ఆ అంచులలోనే పూర్వపు అధ్యాపకులు పెన్సిలుతో వ్రాసుకొన్న సవరణలు, సమన్వయములు, గురుముఖమున విన్న అర్థవిశేషములు ఉండును. ఇవి ఏ ముద్రణములోను లేవు. ఆ ఒక్క ప్రతిలోనే కలవు.

జంగారెడ్డిగూడెపు విద్యార్థి నేడు అనుసరింపదగిన పద్ధతి ఈ చర్చ నుండి తేలుచున్నది. నిత్యపఠనమునకు, కంఠస్థము చేయుటకు కాగితపు ప్రతి. పాఠనిర్ణయమునకు అన్నిటికంటె పాత ముద్రణము యొక్క ఛాయాప్రతి. ప్రయోగములను వెదకుటకు మాత్రము అక్షరప్రతి. దొరికిన ప్రయోగమును ఉదాహరించుటకు ముందు ఛాయాప్రతిలో ఆ పుట తెరచి, అరసున్న ఉన్నదో లేదో చూచి, పిదప వ్రాయుట. నవలలకు, వార్తాపత్రికలకు ఇంత విచారము అనావశ్యకము. అచట ఏ ప్రతియైనను ఒకటే.