పనిచేయు చేతుల లెక్క

దేశసంపద భూములలోను గనులలోను మాత్రమే యుండదు. పనిచేయు చేతులును సంపదయే. ఒక దేశమున పనిచేయుచున్నవారిని, పనికి సిద్ధముగా నున్నవారిని కలిపి శ్రామికశక్తి యందురు.

ఇందు నెవరు చేరుదురు? 1919లో స్థాపితమైన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇందులకు నిర్వచనము లేర్పరచినది. సాధారణముగా 15 ఏండ్లు నిండినవారిలో కూలికొరకో లాభముకొరకో పనిచేయువారును, పని లేక దానికై వెదకువారును ఈ లెక్కలోనికి వత్తురు. వరి కోయు కూలీ, పడవ నడుపు సరంగు, బడిపంతులు, ఉద్యోగమునకై దరఖాస్తులు పంపుచున్న పట్టభద్రుడు - వీరందరును శ్రామికశక్తిలోనివారే. చదువుకొను విద్యార్థియు, పని మానిన వృద్ధుడును కారు.

ఇప్పుడు మన దేశమును ఐరోపా సమాఖ్యతో పోల్చి చూతము. ఒక దేశమును 27 దేశముల కూటమితో పోల్చుట తగునా యని మీరడుగవచ్చును. ఆ కూటమిలో మిక్కిలి పెద్దదైన జర్మనీ జనసంఖ్య 8 కోట్లకు పైగా మాత్రమే. 2011 జనాభా లెక్కలలో మన ఉత్తరప్రదేశ్ ఒక్కదానియందే దాదాపు 20 కోట్ల మంది యుండిరి. కావున మన దేశమునకు కూటమితోడి పోలికయే తగినది. అయితే ఎల్లలు చూచుకొనవలెను. 2020లో బ్రిటను వైదొలగుటతో సమాఖ్య లెక్కయు మారినది.

సమాఖ్య జనసంఖ్య సుమారు 45 కోట్లు. శ్రామికశక్తి సుమారు 22 కోట్లు. మన జనసంఖ్య 140 కోట్లు దాటినది. శ్రామికశక్తి సుమారు 60 కోట్లు. అనగా జనులలో మూడు రెట్లకు మించిన మనము శ్రామికులలో మూడు రెట్లకు తక్కువయే. ఏల? మనలో 15 ఏండ్లలోపు బాలబాలిక లెక్కువ. ఇది యొక కారణము. శ్రామికులుగా లెక్కకు వచ్చు స్త్రీలు మన దేశమున తక్కువ. ఇది రెండవ కారణము.

ఈ రెండవ కారణమును తెలిసికొనుటకు పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురమునకు పోవుదము. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. వర్తకు డిచ్చిన నూలును ఇంటికి తెచ్చుకొని, వంటయు పిల్లల పనియు ముగించి, అరుగుపై కూర్చుండి కొక్కెపు సూదితో గంటల తరబడి వారల్లుదురు. ఆ లేసు చేతులు మారి ఐరోపా, అమెరికాలకు పోవును. జర్మను దేశపు సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ వీరి జీవితమును పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ప్రపంచపు బజారునకు సరకు చేయుచున్నను వీరిని గృహిణులుగానే చూచుచున్నారనియు, కూలి మిక్కిలి తక్కువగా నుండుటకు అదియే కారణమనియు ఆమె చూపినది.

"అమ్మా, మీరేమి పని చేయుదురు?" అని లెక్కలు వ్రాయువా రడిగినప్పుడు, "పనియేమియు లేదండి, ఇంటియొద్దనే యుందును" అని అల్లిక చేతబట్టిన యిల్లాలు చెప్పినచో ఒక శ్రామికురాలు లెక్క తప్పిపోవును. దీనివలన అంకెలు మాత్రమే చెడుట కాదు. లెక్కలో లేనివారికి న్యాయమైన కూలిగాని, వృద్ధాప్యమున ఆధారముగాని ఏర్పరుపవలెనని యెవరికిని తోచదు.

మన ప్రభుత్వపు శ్రామికశక్తి సర్వేలో, 15 ఏండ్లు నిండిన స్త్రీలలో 2017-18లో నూటికి సుమారు 23 మంది శ్రామికశక్తిలో నుండిరి. 2023-24 నాటికి వారి సంఖ్య నూటికి సుమారు 42 అయినది. కుటుంబపు సేద్యమునందును వ్యాపారమునందును కూలి లేక తోడ్పడు స్త్రీలు వీరిలో పెద్ద భాగము. కావున లెక్క పెరిగినంత మాత్రమున అందరికిని ఆదాయము పెరిగినదని తలపరాదు.

2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సరకునకు లభించిన యీ గౌరవము దాని నల్లిన స్త్రీలకును లభింపవలెను. విద్యార్థులారా! దేశముల శ్రామికశక్తిని పోల్చు పట్టికలు చూచునప్పుడు, ఏ సంఖ్య పెద్దదని మాత్రమే కాక, ఆ లెక్కలో నెవరున్నారు, ఎవరు లేరు అనియు విచారింపుడు.