పందెపు సైకిలు కొనే ముందు

పాఠశాలకు సైకిలుపై వెళ్ళివచ్చే మీ అబ్బాయో, అమ్మాయో ఒకనాడు "నేను సైకిలు పందేలలో పాల్గొంటాను, మంచి సైకిలు కొనిపెట్టండి" అని అడగవచ్చు. పందెపు సైకిలు వెల సామాన్య రైతు కుటుంబానికి చిన్న మొత్తం కాదు. సరేనంటే ఇంటి బడ్జెట్టుపై భారం. వద్దంటే బిడ్డ ఉత్సాహంపై నీళ్ళు చల్లినట్లు. కాబట్టి ఈ క్రీడకు కావలసిన సాధన ఏమిటో, ఆశించదగిన లక్ష్యాలు ఏమిటో ముందుగా తెలుసుకొని నిర్ణయానికి రావడం మంచిది.

ఈ క్రీడ నగరవాసులకే పరిమితమనుకోవడం పొరపాటు. వానలు తక్కువగా పడే ఉత్తర కర్ణాటకలోని విజయపుర, బాగల్‌కోట్, బెళగావి జిల్లాలు, రాజస్థాన్‌లోని బికనీరు ప్రాంతం దేశానికి ఎందరో సైకిలు క్రీడాకారులను అందించాయి. అండమాన్ నికోబార్ దీవుల యువకుడు ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ పోటీలలో 'కెయిరిన్' విభాగంలో రజత పతకం సాధించాడు. ముందు సాగే మోటారు వాహనం వెనుక కొంతదూరం వెళ్ళి, అది తప్పుకున్న పిమ్మట గెలుపుకోసం దూసుకుపోయే పోటీ అది. మరుసటి ఏడాది, 2019లో, జర్మనీలో భారత జూనియర్ జట్టు 'టీమ్ స్ప్రింట్'లో స్వర్ణం గెలుచుకున్నది. ఆ జట్టులోనూ అతడున్నాడు.

వారపు సాధన

కొత్తగా మొదలుపెట్టే విద్యార్థికి వారానికి ఐదు రోజుల సాధన చాలును. సోమ, శుక్రవారాలు విశ్రాంతి. మంగళ, గురువారాలలో గంటసేపు తేలికగా, పక్కవారితో మాట్లాడుతూ సాగగలిగినంత వేగంతో తొక్కాలి. బుధవారం కష్టమైన సాధన: ఇరవై నిమిషాలు ఒళ్ళు వేడెక్కేవరకు తొక్కి, ఆపై నాలుగు నిమిషాలు గట్టిగా, నాలుగు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగు పర్యాయాలు. శనివారం పది సెకన్ల చొప్పున ఆరు మెరుపు పరుగులు, నడుమ తగినంత విరామం. ఆదివారం రెండు గంటలకు తగ్గని సుదీర్ఘ ప్రయాణం.

ఈ పట్టికలో విశ్రాంతి దినాలను వృథా అనుకోకండి. పొలానికి ఒకేసారి నీరు వదిలితే నేల పీల్చుకోదు, పొర్లిపోతుంది. శరీరమూ అంతే. సాధన వల్ల అలసిన కండరాలు నిద్రలో, విశ్రాంతిలో బలపడతాయి. అందుచేత మొత్తం సమయాన్ని వారానికి పదోవంతుకు మించి పెంచరాదు. ప్రతి నాలుగో వారం తగ్గించాలి. ఉదయం లేవగానే నాడి లెక్కించి వ్రాసుకొమ్మనండి. అది మామూలుకన్నా ఎనిమిది, పది ఎక్కువగా ఉంటే ఆ రోజు కష్టమైన సాధన మాని విశ్రాంతి తీసుకోవడమే మేలు.

ఆహారానికి ఖరీదైన పొడులు అక్కరలేదు. అన్నం, రాగి సంకటి, పప్పు, గ్రుడ్లు, వేరుశనగ, పాలు, మజ్జిగ పుష్కలంగా సరిపోతాయి. గంటన్నరకు మించిన ప్రయాణంలో మాత్రం గంటకు ఒకటి, రెండు అరటిపండ్లు, తగినంత నీరు తప్పనిసరి. హెల్మెట్టు లేకుండా, చీకటిలో దీపాలు లేకుండా, రద్దీ రహదారిపై సాధన చేయనివ్వకండి.

గాలితో పోరు

సైకిలు వేగం హెచ్చేకొద్దీ కాళ్ళ శక్తిలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. గాలిని ఎదుర్కొంటూ వేగాన్ని రెట్టింపు చేయడానికి అవసరమయ్యే శక్తి రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లు. ముందు వ్యక్తి వెనుక దగ్గరగా సాగేవానికి శ్రమ గణనీయంగా తగ్గుతుంది. అందుకే రోడ్డు పందేలలో క్రీడాకారులు గుంపుగా సాగుతూ, వంతులవారీగా ముందుకు వస్తారు. ఒంటరిగా బలం చూపినవాడు చివరి కిలోమీటరు నాటికి నీరసించిపోవడం తరచుగా కనిపించేదే.

సైకిలు, అప్పు, డీలరు

అంతర్జాతీయ పోటీలలో సైకిలు బరువు 6.8 కిలోలకు తగ్గరాదు. మన రెండు బార్ల సైకిలు దాదాపు 20 కిలోలు తూగుతుంది. ఈ తేడా పోటీలో లెక్కకు వస్తుందే తప్ప మొదటి ఆరు నెలల సాధనకు అడ్డు కాదు. గుండెకు, ఊపిరితిత్తులకు సైకిలు ధర తెలియదు.

పంట రుణాన్ని ఇందుకు మళ్ళించడం తగదు. అది పంట అమ్మిన సొమ్ముతో తీరవలసిన అప్పు. సైకిలు ఆ సీజనులో ఒక్క రూపాయి కూడా తిరిగి తేదు. గడువు తప్పితే సకాల చెల్లింపుపై లభించే వడ్డీ రాయితీ సైతం చేజారుతుంది. నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో కొంత మొత్తం కట్టుకుంటూ పోతే, బిడ్డ సాధన ఒక దారికి వచ్చేనాటికి సైకిలు సొమ్ములో మంచి భాగం చేతికందుతుంది.

డీలరు మిత్రులకు ఒక విన్నపం. "పెరిగే పిల్లవాడు కదా" అని పెద్ద ఫ్రేము అంటగట్టకండి. సీటుపై కూర్చొని, కిందికి వచ్చిన పెడలుపై మడమ ఆనించినప్పుడు కాలు దాదాపు నిటారుగా ఉండాలి. కొలత తప్పితే మోకాళ్ళు దెబ్బతింటాయి. నప్పిన సైకిలు అమ్మిన దుకాణానికే ఆ కుటుంబం మళ్ళీ వస్తుంది.

లక్ష్యాల మెట్లు

మొదటి లక్ష్యం ఎవరినో ఓడించడం కాదు. వాహనాలు తక్కువగా తిరిగే 10 కిలోమీటర్ల దారి ఒకటి ఎంచుకొని, నెలకొకసారి కాలాన్ని నమోదు చేయాలి. తరువాత జిల్లా, రాష్ట్ర పోటీలు, అక్కడ ఎంపికైతే జాతీయ పోటీలు. అంతర్జాతీయ నియమాల ప్రకారం 17, 18 ఏళ్ళు నిండే సంవత్సరాలు జూనియర్ విభాగానికి చెందుతాయి. కాబట్టి పదిహేనేళ్ళకు మొదలుపెట్టినవారికి తొందరా అక్కరలేదు, జాగూ పనికిరాదు. 2002 జాతీయ క్రీడల కొరకు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ట్రాక్ పందేలకై వెలోడ్రోమ్ నిర్మించారు. రైల్వేలు, సైనిక దళాలు జాతీయ పోటీలకు తమ జట్లను పంపుతాయి. క్రీడా కోటాలో ఉద్యోగం అసాధ్యం కాదు. అయితే అది కొద్దిమందికే దక్కుతుంది కనుక చదువును పక్కన పెట్టనివ్వకండి.

కావున మీ బిడ్డ అడిగిన రోజున "సరే" అనవద్దు, "వద్దు" అని కూడా అనవద్దు. చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. ప్రతిరోజూ ఎంతసేపు తొక్కిందీ, నాడి ఎంత ఉన్నదీ, ఎంత నిద్రపోయిందీ, పది కిలోమీటర్లకు పట్టిన కాలమెంతో ఉన్న సైకిలుతోనే ఆరు నెలలు వ్రాయమనండి. ఆ పేజీలు నిండితే సైకిలు కొనడానికి మీకు తగిన హామీ లభించినట్లే. నిండకపోతే మీ సొమ్ము మీ ఖాతాలోనే క్షేమంగా ఉంటుంది.