పీసీ టిప్స్: గ్రాఫిక్స్ కార్డు కొత్తది.. ఎస్ఎంపీఎస్ పాతదేనా? గేమ్ మధ్యలో పీసీ ఆఫ్ కాకముందే ఈ లెక్క చూసుకోండి!

గేమ్ మంచి రసపట్టులో ఉంటుంది.. ఒక్కసారిగా స్క్రీన్ బ్లాక్! సీపీయూలో ఫ్యాన్లు ఆగిపోతాయి. కరెంటు పోయిందేమో అని పైకి చూస్తే సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. మళ్లీ ఆన్ చేస్తే పీసీ మామూలుగా వస్తుంది. యూట్యూబ్ చూసినంత సేపూ ఏ ఇబ్బందీ ఉండదు. గేమ్ ఓపెన్ చేశారా.. పది నిమిషాల్లో మళ్లీ అదే కథ. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్న చాలామందికి ఇది ఎదురయ్యే సమస్యే. తప్పు కార్డుదే అనుకుని షాపు చుట్టూ తిరుగుతారు. కానీ చాలాసార్లు అసలు దోషి ఓ మూలన కూర్చున్న పవర్ సప్లై.. అదేనండీ, మన ఎస్ఎంపీఎస్.

చిత్తూరు జిల్లా గంగవరం, పలమనేరు, కుప్పం వైపు కుర్రాళ్లకు పీసీ పార్టులంటే దగ్గర్లో ఉన్న పెద్ద మార్కెట్ బెంగళూరు ఎస్‌పీ రోడ్. అంత దూరం వెళ్లి కార్డు ఒక్కటే కొనుక్కొచ్చి, ఇంట్లో ఉన్న పాత ఎస్ఎంపీఎస్‌కే తగిలిస్తే మళ్లీ బస్సెక్కాల్సిందే. అందుకే బయల్దేరే ముందే ఈ లెక్క వేసుకోండి.

బోరు మోటారు లెక్కే.. ఇక్కడా!

బోర్లున్న ఊళ్లలో ఈ విషయం కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. వైరు సన్నగా ఉన్నా, స్టార్టర్ సరిగా లేకపోయినా అక్కడే ట్రిప్ అవుతుంది. హైఎండ్ గ్రాఫిక్స్ కార్డులదీ ఇంచుమించు ఇదే తీరు. 300 వాట్ల కార్డు ఎప్పుడూ 300 దగ్గరే ఉండదు. గేమ్‌లో పెద్ద సీన్ వచ్చినప్పుడు సెకనులో చాలా చిన్న వంతు పాటు అంతకు మించి లాగుతుంది. ఆ కుదుపును ఎస్ఎంపీఎస్ తట్టుకోలేకపోతే, తనను తాను కాపాడుకోవడానికి ఆఫ్ అయిపోతుంది. నాసిరకం దాంట్లో ఆ రక్షణ కూడా సరిగా ఉండదు.. అప్పుడు కాలేది ఎస్ఎంపీఎస్ ఒక్కటే కాకపోవచ్చు.

ఏ కార్డుకు ఎన్ని వాట్లు?

కార్డు తినే కరెంటు, కంపెనీ సూచించే ఎస్ఎంపీఎస్ ఇలా ఉన్నాయి..

* ఆర్‌టీఎక్స్ 5060: కార్డు 145 వాట్లు.. ఎస్ఎంపీఎస్ 550 వాట్లు
* ఆర్‌టీఎక్స్ 5070: కార్డు 250 వాట్లు.. ఎస్ఎంపీఎస్ 650 వాట్లు
* ఆర్‌టీఎక్స్ 5070 టీఐ: కార్డు 300 వాట్లు.. ఎస్ఎంపీఎస్ 750 వాట్లు
* ఆర్‌టీఎక్స్ 5080: కార్డు 360 వాట్లు.. ఎస్ఎంపీఎస్ 850 వాట్లు
* ఆర్‌టీఎక్స్ 5090: కార్డు 575 వాట్లు.. ఎస్ఎంపీఎస్ 1000 వాట్లు

ఏఎండీ ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ అయితే 304 వాట్లు తింటుంది, దానికి 750 వాట్ల ఎస్ఎంపీఎస్ కావాలి.

సొంతంగా లెక్క వేసుకోవడం కూడా ఈజీనే. కార్డు వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠంగా తీసుకునే వాట్లు కలపండి. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లకు ఇంకో 100 వేసుకోండి. ఉదాహరణకు 5070 టీఐకి 300, రైజెన్ 7 9800ఎక్స్‌3డీ ప్రాసెసర్‌కు 162, మిగతావాటికి 100.. మొత్తం 562 వాట్లు. దీనికి 600 వాట్లది సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే దెబ్బతింటారు! కుదుపులకు కొంత ఖాళీ ఉండాలి. 750 వాట్లది పెడితే ఫుల్ లోడ్‌లోనూ దాని సామర్థ్యంలో మూడొంతులే వాడినట్టు అవుతుంది. ఫ్యాన్ మోత తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. కోర్ ఐ9-14900కే లాంటి ప్రాసెసర్ ఒక్కటే 253 వాట్ల దాకా తీసుకుంటుంది. అలాంటివి ఉంటే కంపెనీ చెప్పిన దానికంటే ఒక మెట్టు పైకి వెళ్లడమే మంచిది.

పెద్దక్షరాలు కాదు.. చిన్నక్షరాలు చదవండి

డబ్బా మీద 450 వాట్లు అని పెద్దగా ఉంటుంది. దాన్ని నమ్మి కొనేయొద్దు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ ప్రధానంగా నడిచేది 12 వోల్టుల లైన్ మీదే. ఎస్ఎంపీఎస్ పక్కన అతికించిన స్టిక్కర్‌లో 12 వోల్టుల కింద ఎన్ని ఆంప్స్ ఉన్నాయో చూడండి. దాన్ని 12తో గుణించండి. 20 ఆంప్స్ అని ఉంటే అసలు దమ్ము 240 వాట్లే! సరైన 750 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఇది 62 ఆంప్స్ దరిదాపుల్లో ఉంటుంది.

ఇక 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్రలు. గోల్డ్ అంటే సగం లోడ్ దగ్గర కనీసం 90 శాతం కరెంటును పీసీకి అందిస్తుందని అర్థం. మిగతాది వేడిగా పోతుంది. అంటే ఇది కరెంటు ఆదాకు కొలత మాత్రమే. రక్షణ ఎంత గట్టిగా ఉందో ఈ ముద్ర చెప్పదు. అందుకే వారంటీ ఎన్నేళ్లు, ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 ప్రమాణం ఉందా అని కూడా అడగండి. ఇంటెల్ 2022లో తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రకారం ఇలాంటి హైఎండ్ ఎస్ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెండింతల కుదుపును సెకనులో పదివేలవ వంతు సమయం పాటు తట్టుకోవాలి. మనకు కావాల్సింది సరిగ్గా అదే.

కనెక్టర్ ఎందుకు కరిగింది?

2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే కనెక్టర్లు కరిగిపోయిన ఫొటోలు ప్రపంచమంతా వైరల్ అయ్యాయి. దాదాపు 50 కేసులు తమ దృష్టికి వచ్చాయని, ప్లగ్ పూర్తిగా లోపలికి వెళ్లకపోవడమే ప్రధానంగా కనిపించిన కారణమని ఎన్విడియా అదే ఏడాది నవంబరులో చెప్పింది. తర్వాత ఆ కనెక్టర్‌ను కొద్దిగా మార్చి 12వీ-2×6 పేరుతో తెచ్చారు. ఈ చిన్న ప్లగ్ గుండా 600 వాట్ల వరకు వెళ్తుంది. అందుకే..

* ప్లగ్ చివరిదాకా నొక్కండి. మధ్యలో సందు కనిపించకూడదు.
* ప్లగ్ దగ్గరే వైరును మడవొద్దు. మూడు, నాలుగు సెంటీమీటర్లు నిటారుగా వదలండి.
* పాత తరహా 8 పిన్ ఒక్కోటి 150 వాట్లకే. కార్డుకు రెండు కావాలంటే ఒకే వైరుకున్న రెండు తలలు కాకుండా, రెండు వేర్వేరు వైర్లు వాడండి.
* ఒక ఎస్ఎంపీఎస్ వైర్లు ఇంకో ఎస్ఎంపీఎస్‌కు పెట్టొద్దు. ప్లగ్ పట్టినా లోపలి కనెక్షన్ వేరుగా ఉంటే పార్టులు కాలిపోతాయి.

యూపీఎస్ సంగతి మర్చిపోవద్దు

మన దగ్గర వోల్టేజ్ పడుతూ లేస్తూ ఉండటం మామూలే. ఎస్ఎంపీఎస్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉన్నది తీసుకుంటే, 200-240 అని ఉన్నదాని కంటే లో వోల్టేజ్‌ను బాగా తట్టుకుంటుంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

చాలా ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. మనం పైన లెక్క వేసిన పీసీ గోడ నుంచి 620 వాట్ల వరకు లాగుతుంది. గేమ్ ఆడుతుండగా కరెంటు పోతే ఆ యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. పీసీ ఆఫ్ అయితే తప్పు ఎస్ఎంపీఎస్‌దా, యూపీఎస్‌దా అన్నది ముందు ఇక్కడే తేల్చుకోవాలి. ఒకసారి యూపీఎస్ తీసేసి, నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

చివరగా ఒక్క మాట. బడ్జెట్ సరిపోకపోతే కార్డులో ఒక మెట్టు దిగండి. ఎస్ఎంపీఎస్‌లో మాత్రం దిగొద్దు. కార్డు రెండు, మూడేళ్లకు మారుతుంది.. మంచి ఎస్ఎంపీఎస్ తర్వాత వచ్చే కార్డుకూ పనికొస్తుంది. ఇంకో జాగ్రత్త.. పాడైన ఎస్ఎంపీఎస్‌ను ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండి షాక్ కొట్టొచ్చు.