నిలిచిన కారు – అంటుకొన్న క్లచ్

తెలుగు పాఠము చెప్పువారు క్లచ్ గురించి వ్రాయుట ఏమిటని విద్యార్థులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వుకొన్నాము. మా అబ్బాజాన్ కొన్న అంబాసిడర్ కారు బందరులోని ఇంటి షెడ్డులో రెండేండ్లు కదలక ఉండి, తిరిగి రోడ్డెక్కవలసి వచ్చిన దినమున ఆ నవ్వు నిలువలేదు. ఈ కార్ల తయారీ ఉత్తరపారాలో 2014లోనే ఆగిపోయినది గనుక, నేడు మన ఊళ్ళలో మిగిలినవన్నీ పాతవే. మా అనుభవము మరి యొకరికి ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొత్త బ్యాటరీ పెట్టగా ఇంజను వెంటనే పలికినది. కాని క్లచ్ తొక్కి గేరు వేయబోగా ‘కర్ర్’మను చప్పుడే గాని గేరు పడలేదు. ఇంజను ఆపి చూడగా అదే గేరు సులువుగా పడినది. పిలువగా వచ్చిన మెకానిక్ కారు క్రిందికి వంగియైనను చూడక, “క్లచ్ పోయింది సార్, గేర్‌బాక్స్ దించి సెట్టు మొత్తం మార్చాలి” అన్నాడు. ఆ ఖర్చు విన్న పిమ్మట కారునే అమ్మివేయుట మేలని ఇంటిలో మాట వచ్చినది. పాత ఇనుము వ్యాపారి ఒకరు వచ్చి చుట్టూ తిరిగి చూచి కూడ వెళ్ళినారు.

ఇక్కడ క్లచ్ చేయు పని కొంత తెలియవలెను. ఇంజను వెనుక ఫ్లైవీల్ అను బరువైన ఇనుప చక్రము తిరుగుచుండును. దానికి, స్ప్రింగుల బలముతో నొక్కు ప్రెషర్ ప్లేటుకు నడుమ, రెండు వైపుల లైనింగు గల క్లచ్ ప్లేటు ఇరుక్కొని ఉండును. ఈ ప్లేటు ద్వారానే ఇంజను శక్తి గేర్‌బాక్సునకు చేరుచున్నది. పెడల్ తొక్కినపుడు ప్రెషర్ ప్లేటు వెనుకకు జరుగును, నడుమ నున్న ప్లేటు వదులగును, గేరు మార్చుకొనుటకు వీలు కలుగును. ప్లేటు వదలనిచో గేర్‌బాక్సు లోపలి భాగములు ఇంజనుతో పాటు తిరుగుచునే ఉండును. అందుచేతనే ఆ ‘కర్ర్’మను చప్పుడు.

వదలకపోవుటకు ముఖ్యముగా రెండు కారణములు ఉండవచ్చును. పెడల్ తొక్కిన బలము క్లచ్ వరకు చేరకపోవుట ఒకటి. బలము చేరియు, తేమకు ఫ్లైవీల్ తుప్పుపట్టి లైనింగు దానికి అంటుకొనిపోవుట రెండవది. బందరు సముద్రపు గాలికి రెండవది వింతగాదు. ఈ రెండింటిని వేరుచేయు పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజను ఆపి, చక్రములకు అడ్డముగా ఇటుకలు పెట్టి, ఒకరు పెడల్ తొక్కుచుండగా మరియొకరు గేర్‌బాక్సు ప్రక్కన నున్న క్లచ్ ఫోర్కును చూడవలెను. జాకీ మీద నిలిపిన కారు క్రింద మాత్రము దూరరాదు. ఫోర్కు కదలనిచో దోషము బయటనే ఉన్నది, గేర్‌బాక్సు దించుట వృథా. మా ఇంటి ఎదుట నుండు పాత లారీ డ్రైవరు చాచా టార్చిలైటు పట్టుకొని ఈ పరీక్ష చేయించినారు. ఫోర్కు నిండుగా కదలినది. “ప్లేటు అంటుకుంది బాబూ, విడదీయొచ్చు” అన్నారు.

ఒక రాత్రియంతయు పెడలును కర్రతో నొక్కిపెట్టి ఉంచినాము. ప్రయోజనము లేకపోయినది. మరునాడు చాచా ముందుగా బ్రేకులు పరీక్షించినారు. నిలిచిన కారులో బ్రేకులను నమ్మరాదు గదా. మనుషులెవ్వరును లేని మైదానమునకు కారును నెట్టించి, ఇంజను వేడెక్కనిచ్చి, ఆపి, రెండవ గేరులో పెట్టి, క్లచ్ తొక్కి స్టార్టు చేసినారు. కారు ఒక్క కుదుపుతో కదలినది. పెడల్ వదలక యాక్సిలరేటర్ నొక్కి విడుచుచు పోగా, మూడవ మారు ‘టప్’మని ప్లేటు విడిపోయినది. ప్లేటు విడిపోనిచో తాళము త్రిప్పి ఇంజను ఆపుటకు వారి చేయి సిద్ధముగనే ఉన్నది.

కథ అంతటితో ముగియలేదు. వారము తిరుగక మునుపే పెడల్ మెత్తబడి, ఒక్కొక్కమారు నేలను తాకసాగినది. మరల గేరు మొరాయించినది. లక్షణము మొదటిదే, కారణము వేరు! ఈ మారు ఫోర్కు సగము కూడ కదలలేదు. కొన్ని పాత కార్లలో ఈ పని ఇనుప కడ్డీలు చేయును. మా కారులో బ్రేక్ ఆయిల్ చేయును. అది పేరునకే ఆయిల్. గాలిలోని తేమను పీల్చుకొను ద్రవమది. ఆ తేమకు సిలిండర్ లోపల తుప్పు పుట్టును, తుప్పు గరుకునకు రబ్బరు వాషర్లు అరిగి ఆయిల్ కారును. ఇంజను ఆయిల్ పోసి సరిపెట్టరాదు, దానికి ఆ రబ్బరు ఉబ్బి చెడును. మా స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తగా లోన తడి కనిపించినది. వాషర్ల కిట్టు వేసి, పాత ద్రవము తీసి కొత్తది పోసి, గాలి తీయించినాము.

ఇంజను హోరెత్తుచున్నను కారు వేగము అందుకొననిచో అది ప్లేటు జారుట. లైనింగు అరుగుటయో, దానికి నూనె అంటుటయో, పెడలునకు ఉండవలసిన వదులు లేకపోవుటయో కారణము. వదులు సరిచేసినను జారినచో అప్పుడు గేర్‌బాక్సు దింపక తప్పదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును గనుక ఆ ధూళిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

పాత ఇనుము వ్యాపారి మరల వచ్చినారు. ఆ వేళకు అబ్బాజాన్ కారులో మసీదుకు వెళ్ళి ఉన్నారు.