మరచినవాడికి గుర్తుచేసేదేది?

 



సూరా యూసుఫ్ మనందరికీ పరిచితమైనదే. యూసుఫ్ (అలైహి) ఏ నేరమూ చేయకుండానే చెరసాల పాలయ్యారు. అక్కడ ఇద్దరు తోటి ఖైదీలు తమ కలలకు అర్థం చెప్పమని ఆయనను కోరారు. వారిలో విడుదల కాగలడని తాను భావించిన వ్యక్తిని ఆయన కోరినది ఒక్కటే: నీ యజమాని వద్ద నా విషయం ప్రస్తావించు. ఆ మనిషి బయటికి వెళ్ళాడు, రాజుగారి కొలువులో చేరాడు, మరచిపోయాడు. షైతాన్ అతణ్ణి మరపింపజేశాడని 42వ ఆయత్ తెలుపుతున్నది. ఫలితంగా ఒక నిర్దోషి మరికొన్ని సంవత్సరాలు చెరసాలలోనే ఉండిపోవలసి వచ్చింది.

అతడు కావాలని ఆ మాట దాచాడని ఖుర్ఆన్ చెప్పలేదు. యజమానికి పానీయం అందించే ఉద్యోగం అతడిది. ఎవరితో చెప్పవలసి ఉన్నదో ఆ వ్యక్తి నిత్యం కళ్ళ ఎదుటే ఉన్నా అతడికి యూసుఫ్ (అలైహి) స్ఫురించలేదు. ఒకనాడు రాజు ఒక కల కన్నాడు. ఏడు బక్క ఆవులు ఏడు బలిసిన ఆవులను తినివేస్తున్నాయి. సభాసదులెవ్వరూ దానికి అర్థం చెప్పలేకపోయారు. సరిగ్గా అప్పుడే, చాలా కాలం తరువాత, అతడికి యూసుఫ్ (అలైహి) గుర్తుకు వచ్చారు. రాజుగారి ముఖం చేయలేని పనిని రాజుగారి కల చేసింది.

ఇది అల్లాహ్ నిర్ణయం, సందేహం లేదు. ఆయన మానవుని మనసును ఏ తీరున సృజించాడో కూడా ఇందులోనే కనిపిస్తున్నది. 1966లో కెనడాలో ఎండెల్ టుల్వింగ్, జీనా పర్ల్‌స్టోన్ అనే పరిశోధకులు విద్యార్థులకు పదాల జాబితాలు వినిపించారు. పదాలన్నీ జంతువుల వంటి వర్గాల కింద అమర్చి ఉన్నాయి. పిదప కొందరిని ఏ సాయమూ లేకుండా వ్రాయమన్నారు. మరికొందరికి వర్గాల పేర్లను మాత్రం అందించారు. పేర్లు అందుకున్నవారు ఎక్కువ పదాలు వ్రాయగలిగారు. జాబితా పొడవు పెరిగినకొద్దీ ఆ తేడా కూడా పెరిగింది. సాయం లేనివారి మనసులో ఆ పదాలు లేకపోలేదు, వాటిని బయటికి తెచ్చే ఆనవాలు మాత్రమే లేదు. ఒక విషయం మనసుకు ఎక్కేటప్పుడు దానితోపాటు ఏది ఎక్కుతుందో, అదే తరువాత దానికి ఆనవాలవుతుందని టుల్వింగ్, డొనాల్డ్ థామ్సన్‌లు 1973లో వివరించారు. ఆ సేవకుడి మనసులో యూసుఫ్ (అలైహి) కలతో ముడిపడి ఉన్నారు, కలే ఆ ముడిని విప్పింది. మనం జుమా నాడు పఠించే సూరా కహఫ్‌లోనూ అంతే. మూసా (అలైహి) ఆహారం తెమ్మని అడిగిన తరువాతనే, బండ వద్ద మరచిన చేప సంగతి సేవకుడికి గుర్తుకు వచ్చింది.

రమజాన్ మాసంలో ఈ సంగతిని మనం ప్రతి రాత్రీ చూస్తాము. తరావీహ్‌లో హాఫిజ్ గారు హఠాత్తుగా ఆగిపోతారు. వెనుక వరుసలోంచి లుఖ్మాగా ఒక్క పదం అందుతుంది. ఆ వెంటనే పేజీకి పేజీ ప్రవహిస్తుంది. అంత పెద్ద పాఠం ఆ ఒక్క పదంలో లేదు, హాఫిజ్ గారి గుండెలోనే ఉన్నది. అయితే ఒకే ఆనవాలు చాలా చోట్లకు దారితీస్తే చిక్కే. సూరా రహ్మాన్‌లో ఒకే వాక్యం 31 సార్లు వస్తుంది. దాని తరువాత ఏ ఆయత్ రావాలో ఆ వాక్యం చెప్పలేదు. గట్టి హాఫిజ్‌లు సైతం ఒకేలా ఉండే ఆయత్‌ల వద్దనే తడబడతారు. కనుక వెనుకనుంచి అందించే పదం ఆ చోటికే చెందినదై ఉండాలి.

గుర్తుచేయడంలో ఇంకొక ప్రమాదమున్నది. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ఒక కారు ప్రమాదం చిత్రాన్ని ప్రేక్షకులకు చూపారు. కార్లు ఎంత వేగంతో 'ఢీకొన్నాయి' అని 50 మందిని, ఎంత వేగంతో 'నుజ్జునుజ్జయ్యేలా గుద్దుకున్నాయి' అని మరో 50 మందిని ప్రశ్నించారు. వారం తరువాత పగిలిన గాజు చూశారా అని అడిగితే, మొదటివారిలో 7 మంది, రెండవవారిలో 16 మంది చూశామన్నారు. ఆ చిత్రంలో గాజు పగలనే లేదు! ప్రశ్నలోని ఒక్క మాట జరగనిదాన్ని కూడా గుర్తుకు తెచ్చింది. పంచాయితీలో పెద్దమనుషులుగా కూర్చునేవారు ఈ సంగతిని తప్పక గమనించాలి.

ఒకసారి దైవప్రవక్త (సల్లం) నమాజులో రెండు రకాతులకే సలాం చెప్పారు. జుల్‌యదైన్ (రజి) మర్యాదగా, నమాజు తగ్గించబడినదా, లేక తమరు మరచిపోయారా అని అడిగారు. ఆయన (సల్లం) తక్కినవారిని విచారించి, నిజమని తేలిన తరువాత మిగిలిన నమాజు పూర్తి చేసి సహూ సజ్దాలు చేశారు. తానూ మానవమాత్రుణ్ణేననీ, మరచినప్పుడు తనకు గుర్తుచేయమనీ ఆయన సహచరులకు చెప్పి ఉన్నారు. గుర్తుచేసినవారిపై కోపగించుకొనే మనకు ఇందులో ఎంత పాఠమున్నదో!

జ్ఞాపకాన్ని ఇంత నమ్మరాదు గనుకనే కాబోలు, ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ (అల్ బఖర, 282) అప్పుల గురించి అవతరించినది. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాసుకొనమని, సాక్షులను పెట్టుకొనమని అది ఆదేశిస్తున్నది. సాక్షులలో ఒకరు పొరబడితే మరొకరు గుర్తుచేసే ఏర్పాటు కూడా అందులో ఉన్నది. మన సమాజంలో జరుగుతున్నదేమిటి? బావమరిది వద్ద, మేనమామ వద్ద నోటిమాట మీద డబ్బు తీసుకుంటాము. కాగితం అడిగితే "మనలో మనకు నమ్మకం లేదా?" అని నొచ్చుకుంటాము. ఇచ్చినవాడు మొహమాటంతో అడగడు. తీసుకున్నవాడికి, యూసుఫ్ (అలైహి) తోటి ఖైదీ వలె, ఎదురుగా ఉన్న ముఖం చూసినా గుర్తుకు రాదు. పదేళ్ళ తరువాత ఇద్దరి లెక్కలూ పొసగవు, ఇద్దరూ అల్లాహ్ మీద ప్రమాణం చేస్తారు, బహుశా ఇద్దరూ తమ తమ లెక్కను నిజమనే నమ్ముతారు. మాకు తెలిసినంతలో అనేక కుటుంబాలు విడిపోయింది దురాశ వల్ల కాదు, ఈ మరుపు వల్లనే.

జనాజా నమాజుకు ముందు, మరణించినవారు ఎవరికైనా బాకీ ఉంటే తెలియజేయమని మన మస్జిదులలో ప్రకటిస్తారు. మంచి ఆచారమే. అది ఇచ్చినవారికి గుర్తుచేస్తుంది. తీసుకున్నవారు అప్పటికే వినలేని స్థితిలో ఉంటారు. వ్రాయవలసిన వీలునామా ఉన్న ముస్లిం అది వ్రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని హదీసు.

ఎప్పుడైనా చేద్దామనుకున్న పనికంటే, ఏ సమయంలో, ఏ చోట, దేని తరువాత చేయాలో నిశ్చయించుకున్న పని ఎక్కువగా నెరవేరుతుందని పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనోవిజ్ఞానవేత్త పరిశోధనలు తెలిపాయి. "అసర్ తరువాత కలుద్దాం" అనే అలవాటున్న మనకు ఇది కొత్త కాదు. కనుక ఈ రోజు జుమా నమాజు ముగించి ఇంటికి చేరాక, దస్తర్‌ఖాన్ పరిచేలోగా ఒక కాగితం తీసుకోండి. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి అమానతు మీ వద్ద ఉన్నదో, భార్యకు ఇవ్వవలసిన మహర్‌లో ఎంత మిగిలి ఉన్నదో తేదీతో వ్రాయండి. దానిని ఎక్కడ ఉంచారో ఇంట్లో మరొకరికి కూడా చెప్పండి.