కత్తి పుట్టిన ఊరేది?

హనుమకొండలో మా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడి ఇంట్లో, హాల్లో గోడకు ఓ పాత కత్తి వేలాడుతుంటుంది. ‘కాకతీయుల కాలంది బిడ్డా’ అని వాళ్ల తాత చెప్పేవాడు. పోయిన దసరాకు ఆయుధపూజ కోసం దింపితే, ఫొటో తీసి బ్లాగులో పెడదామనుకున్నా. పిడి చూడగానే ఆగిపోయా. చివర్న చిన్న పళ్లెంలాంటి గుండ్రటి బిళ్ల ఉంది. అది తల్వార్ పిడి. మొఘలుల కాలంలో వాడుకలోకి వచ్చిన తరహా. కాకతీయుల రాజ్యమేమో 1323లోనే ముగిసింది. ఈ మాట వాడికి చెప్పడానికే నాకు అరగంట పట్టింది.

పాత ఆయుధం ఎక్కడిదో తేల్చడం మ్యూజియాల్లో రోజూ ఉండే పని. మొదట చూసేది ఆకారం. పిడికిలితో అడ్డంగా పట్టుకునే, ‘హెచ్’ అక్షరంలాంటి పిడి ఉంటే అది మన దేశపు కటార్. పాము మెలికలు తిరిగినట్టున్న బాకు చాలావరకు జావా వైపు క్రిస్. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీలో ఓ రెండు గంటలు తిరిగితే ఈ మాత్రం ఎవరికైనా పట్టుబడుతుంది.

చిక్కంతా ఆ తర్వాతే. పిడి ఒక దేశానిది, అలుగు ఇంకో దేశానిది కావచ్చు. యూరప్ నుంచి వచ్చిన అలుగులకు ఇక్కడి పిడులు బిగించి వాడేవారు. అలాంటి కత్తిని ‘ఫిరంగి’ అనేవారు. మనం తోపును పిలిచే పిరంగి కూడా ఈ మాటే! 2025లో లండన్ వేలంలో మహారాష్ట్ర ప్రభుత్వం దక్కించుకున్న నాగ్‌పూర్ రఘూజీ భోంస్లే ఖడ్గాన్ని చూడండి. పిడి మరాఠాలది, అలుగు యూరప్‌లో తయారైంది. అలుగు మీద దేవనాగరిలో రాజు పేరుతో పాటు ‘ఫిరంగ్’ అనీ రాసి ఉంది. దీన్ని ఏ దేశపు కత్తి అనాలి? అలాగని అలుగు మీద పేరుందని నమ్మేయడానికీ లేదు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌కు చెందిన అసదుల్లా అనే కమ్మరి పేరు ఎన్ని కత్తుల మీద ఉందంటే, అవన్నీ ఒక్క మనిషి చేసే అవకాశమే లేదు. బ్రాండ్ పేరు కొట్టేయడం అప్పుడూ ఉంది మరి.

మూడోది ఉక్కు. నాలాంటి ఇంజినీరింగ్ వాళ్లకు అసలు మజా ఇక్కడే. నీటి అలల్లాంటి గీతలున్న కత్తులను ప్రపంచమంతా ‘డమాస్కస్’ అంటుంది. అది సిరియాలోని ఊరు. కానీ వాటికి వాడిన ‘ఊట్జ్’ ఉక్కు పేరొందిన కేంద్రాల్లో ఒకటి మన నిజామాబాద్ జిల్లాలోని కోనసముందర్. ‘ఊట్జ్’ అనే మాట కూడా మన ‘ఉక్కు’ నుంచే వచ్చిందని చాలామంది పండితులు చెబుతారు. అక్కడి కొలుములను స్వయంగా చూసిన హెచ్. డబ్ల్యూ. వోయ్‌సీ రాసిన వివరం 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును మూసలో పెట్టి, ఒక రోజంతా కొలిమిలో కాల్చేవారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకరు దగ్గరుండి సరుకు చూసుకుని కొనుక్కుపోయేవాడు. అంటే ఇరాన్ కత్తి అని లేబుల్ ఉన్నదాంట్లో ఉక్కు మన కమ్మరులది కావచ్చు. లేబుల్లో ఆ మాట ఎక్కడా కనిపించదు.

మరి నిరూపించేదెలా? చేతిలో పట్టుకుని వాడే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ లోహంలోని మూలకాలు చెబుతుంది కానీ కార్బన్‌ను పట్టలేదు. ఊట్జ్‌కు కీలకం కార్బనే, సుమారు ఒకటిన్నర శాతం. అందుకే చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూస్తారు. కత్తికి గాటు పెట్టకూడదంటే న్యూట్రాన్ డిఫ్రాక్షన్‌కు వెళ్తారు. ఆ అలల గీతలు రావడంలో వెనేడియం లాంటి మూలకాలు అతి స్వల్పంగా ఉండటమే కీలకమని అమెరికాలో వెర్‌హోవెన్, పెండ్రే 1998లో చెప్పారు. మెటలర్జీ డిపార్ట్‌మెంట్ ఉన్న ఎన్‌ఐటీ మన ఊళ్లోనే ఉంది, కోనసముందర్ మన రాష్ట్రంలోనే ఉంది. ప్రాజెక్ట్ టాపిక్ దొరకడం లేదనే వాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ల్యాబ్ చెప్పలేనిది ఒక్కోసారి కాగితం చెబుతుంది. ఆరో నిజాం 1903 ఢిల్లీ దర్బార్‌లో ప్రదర్శించిన ఓ ఖడ్గం 1905లో బ్రిటిష్ జనరల్ ఆర్చిబాల్డ్ హంటర్ చేతికి చేరింది. 1978లో ఆ కుటుంబం ద్వారా గ్లాస్గో మ్యూజియానికి వెళ్లింది. ఆ కాగితాల జాడ తిరగేశాకే, 2022 ఆగస్టులో దాన్ని మరో ఆరు వస్తువులతో కలిపి భారత్‌కు తిరిగిచ్చేందుకు గ్లాస్గో ఒప్పందం చేసుకుంది.

ఇక మీ ప్రశ్న నాకు తెలుసు: ఉద్యోగాలున్నాయా? నిజం చెప్పాలంటే పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. అయినా దారులున్నాయి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో మ్యూజియాలజీ, కన్జర్వేషన్‌లలో ఎంఏ చేయొచ్చు. గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ వారి రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. ఆ శాఖ సైన్స్ విభాగం దెహ్రాదూన్‌లో, కన్జర్వేషన్ పరిశోధనకు జాతీయ ల్యాబ్ లక్నోలో ఉన్నాయి. అర్హతలు మాత్రం ఏ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ ఏడాదివే చూసుకోండి. ఇంకో మాట, వందేళ్లు దాటిన కత్తి 1972 పురావస్తు చట్టం కిందికి రావచ్చు, దేశం దాటించకూడదు. పట్టుకుని రీల్స్ చేస్తే ఆయుధాల చట్టం కింద కేసు కావచ్చు.

మా వాడి కత్తి సంగతి చెప్పలేదు కదూ. అలుగు మీద గీతలేమైనా ఉన్నాయేమోనని టార్చ్ వేసి చూశా. ఏమీ లేవు, అద్దంలా మెరుస్తోంది. ‘ప్రతి దసరాకు చింతపండు, ఇసుక వేసి తోముతం కదా’ అంది వాళ్లమ్మ. అలల గీతలు ఒకప్పుడు ఉన్నా, పైపొర అరిగిపోయాక మామూలు కంటికి కనిపించవు. ఇప్పుడు ఇసుక మానేసి, మెత్తటి గుడ్డతో కాస్త నూనె రాస్తున్నారు.